అన్ని టెస్టులూ పాసయ్యాయి, అయితే ఏంటట?

ఆ మధ్య ఓ శుక్రవారం సాయంత్రం మా టీముకి ఓ మెయిలొచ్చింది. "రిలీజ్ సక్సెస్‌ఫుల్. 14 టెస్టులకి 14 పాస్. కవరేజి 96 శాతం." దాని కింద నలుగురైదుగురు చప్పట్ల బొమ్మలు పెట్టారు. నేనూ పెట్టాను. పెట్టక చస్తానా, ఆ కోడు రివ్యూ చేసి అప్రూవ్ కొట్టింది నేనే మరి.

సరిగ్గా మూడు వారాల తర్వాత క్లయింటు దగ్గర్నుంచి ఫోను. వాళ్ళది ఆన్‌లైన్‌లో సామాన్లు అమ్మే వ్యాపారం. ఏ ఆర్డరు అనుమానాస్పదమో చెప్పే మోడలు ఒకటి మేం నడుపుతున్నాం. అది యూపీఐతో డబ్బు కట్టినవాళ్ళ ఆర్డర్లని కుప్పలు తెప్పలుగా ఆపేస్తోందట. జనం ఖాతాల్లోంచి డబ్బు పోయింది, సరుకు మాత్రం గోడౌను దాటలేదు. కస్టమర్ కేర్ వాళ్ళు తిట్లు తింటున్నారు. "మీ డ్రిఫ్టు మానిటర్ ఏం చేస్తోంది?" అనడిగారు.

చూశాం. మూడు వారాలుగా డాష్‌బోర్డు మీద ఒకటే అంకె: 0.0. పక్కనే పచ్చటి టిక్కు. "పాత డేటాకీ, కొత్త డేటాకీ తేడా ఏమీ లేదు, హాయిగా నిద్రపోండి" అని దానర్థం.

ఈ టపా ఆ సున్నా గురించి. ఇంకా చెప్పాలంటే, ఆ సున్నాని కాపాడిన 14 టెస్టుల గురించి. నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు తిట్టినా ఫర్వాలేదు. గణితం చేసే కోడుకి మన ఇండస్ట్రీలో రాసే టెస్టుల్లో చాలావరకు టెస్టులే కావు. అవి హాజరుపట్టీలు. ఫంక్షను పిలిస్తే "ప్రెజెంట్ సార్" అందా లేదా, అంతే చూస్తాయి. అది చెప్పింది నిజమో కాదో అడిగే నాథుడు లేడు.

ఇంతకీ ఏం జరిగిందంటే

రెండు ప్రాబబిలిటీ డిస్ట్రిబ్యూషన్ల మధ్య తేడా కొలవడానికి అందరూ వాడే కొలత కేఎల్ డైవర్జెన్స్. కుల్‌బ్యాక్, లీబ్లర్ అనే ఇద్దరు 1951లో రాసిన పేపరుతో వాళ్ళ పేరు దానికి స్థిరపడింది. లెక్క మరీ కష్టమైనదేం కాదు. ఒక్కో రకానికీ కొత్త వాటాని పాత వాటాతో భాగించి, దానికి లాగరిథమ్ (మా తెలుగు మీడియం బ్యాచ్ భాషలో సంవర్గమానం) తీసి, కొత్త వాటాతో గుణించి, అన్నీ కూడాలి. కొత్తదాన్ని పి అనీ, పాతదాన్ని క్యూ అనీ అనుకుందాం.

మా కథలో రకాలు మూడు: క్యాష్ ఆన్ డెలివరీ, కార్డు, యూపీఐ. లెక్క సులువుగా ఉండాలని అంకెల్ని గుండ్రంగా మారుస్తున్నాను. మోడలు నేర్చుకున్న పాత డేటాలో వాటాలు 0.5, 0.5, 0. అప్పటికి ఆ క్లయింటు యూపీఐ తీసుకునేవాడే కాదు. మొదలెట్టాక కొత్త డేటాలో 0.2, 0.2, 0.6.

ఇప్పుడు యూపీఐ వరుస దగ్గర 0.6ని సున్నాతో భాగించాలి. నిర్వచనం ప్రకారం దీనికి జవాబు అనంతం. నిజానికి అది గట్టిగా మోగాల్సిన గంట. కానీ మా కోడు రాసినతను ఇన్ఫినిటీ వస్తే డాష్‌బోర్డు పాడవుతుందని, క్యూలో సున్నా ఉన్న వరుసల్ని ముందే తీసేశాడు. అంటే ఏది కొత్తగా వచ్చిందో సరిగ్గా దాన్నే లెక్కలోంచి తప్పించాడు! పెళ్ళికొడుకుని బయట నిలబెట్టి పెళ్ళి కానిచ్చేసినట్టు.

మిగిలిన రెండు వరుసలు కూడితే 0.4 సార్లు 0.4 యొక్క లాగ్, అంటే మైనస్ 0.3665. కేఎల్ డైవర్జెన్స్ నెగటివ్‌గా రావడం అసాధ్యం. రెండూ నిజమైన డిస్ట్రిబ్యూషన్లయితే అది సున్నాకి తగ్గదని పక్కా సిద్ధాంతం ఉంది. స్టేజింగ్‌లో ఒకసారి ఇలాగే నెగటివ్ అంకె వచ్చింది కూడా. అప్పుడు మావాళ్ళు ఏం చేశారో తెలుసా? జవాబు సున్నా కన్నా తక్కువైతే సున్నా ఇచ్చేయమని ఒక లైను చేర్చారు. పైన కామెంటు: "కేఎల్ ఎప్పుడూ నెగటివ్ కాదు, ఫ్లోటింగ్ పాయింట్ రౌండింగ్ కోసం."

మళ్ళీ చదవండి. బగ్గుని పట్టివ్వాల్సిన సిద్ధాంతాన్ని బగ్గుని దాచడానికి వాడుకున్నాం. రౌండింగ్ వల్ల వచ్చే తప్పు దశాంశ బిందువు తర్వాత పదిహేనో పదహారో స్థానంలో ఉంటుంది. మైనస్ 0.37 రౌండింగ్ ఎలా అవుతుంది? ఆ ప్రశ్న రివ్యూలో నేను అడగలేదు. కామెంటు చదివి "నైస్ క్యాచ్" అని రాశాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పోస్టుమార్టం

సరే, బగ్గులు అందరికీ వస్తాయి. నన్ను అసలు కుదిపేసింది టెస్టులు. కూర్చుని 14 టెస్టులూ చదివాను. ఎనిమిదింట్లో ఫంక్షను ఏదో ఒక దశాంశ సంఖ్య ఇచ్చిందా, నన్ తిరిగిచ్చిందా అన్నదే తనిఖీ. నాలుగింట్లో ఒకే డిస్ట్రిబ్యూషన్‌ని రెండువైపులా ఇచ్చి సున్నా వచ్చిందా అని చూశారు. మిగిలిన రెండింట్లో ఓ పొడుగాటి దశాంశ సంఖ్యతో పోల్చారు. ఆ సంఖ్య ఎక్కడిదయ్యా అంటే, ఆ ఫంక్షన్నే ఒకసారి నడిపి, వచ్చింది కాపీ కొట్టి పేస్టు చేశారు.

ఓ ప్రయోగం చేశాను. ఫంక్షను లోపలున్నదంతా పీకేసి "రిటర్న్ 0.0" అని ఒక్క లైను పెట్టి టెస్టులు నడిపాను. 14లో 12 పాస్! ఏమీ చెయ్యని ఫంక్షనుకి 86 శాతం మార్కులు. డిస్టింక్షన్.

తర్వాత అసలు కోడు మళ్ళీ పెట్టి, పి, క్యూలని తారుమారు చేశాను. కేఎల్‌లో ఇది ఘోరమైన తప్పు, ఇటునుంచి కొలిచిందీ అటునుంచి కొలిచిందీ ఒకటి కాదు. ఈసారీ ఆ పేస్టు చేసిన రెండే ఫెయిలయ్యాయి. పోనీలే, ఆ రెండైనా పట్టుకున్నాయి అనుకునేలోపు పక్కన కూర్చున్న జూనియర్ కుర్రాడు స్క్రీను చూసి ఏమన్నాడంటే...

"అదేం లేదన్నా, ఎక్స్‌పెక్టెడ్ వాల్యూస్ పాతవి. అప్‌డేట్ చేసేస్తా, రెండు నిమిషాలు."

అతన్ని తప్పుపట్టను. మేం అతనికి నేర్పింది అదే. ఎరుపు కనిపిస్తే పచ్చ చెయ్యి. కోడు ఏం చెప్తే అదే జవాబు, జవాబు మారితే ప్రశ్నాపత్రం మార్చు. కంచే చేను మేసిందనుకోవడం కూడా ఎక్కువే, ఇక్కడ అసలు కంచే లేదు, కంచె బొమ్మ గీసి పెట్టుకున్నాం.

కవరేజి 96 శాతం సంగతీ చెప్పాలి. సున్నా వరుసల్ని తీసేసే ఆ లైను ప్రతి టెస్టులోనూ నడిచింది కాబట్టి అది "కవర్" అయిపోయింది. కానీ ఏ ఒక్క టెస్టులోనూ అది తీసేయడానికి సున్నా వరుసే లేదు. లైను నడిచిందా అని కవరేజి చెప్తుంది. ఆ లైను ఏం నాశనం చేసిందో దానికి తెలీదు.

మరి ఏం అడగాలి?

విమర్శించడం తేలిక, నువ్వు చెప్పు ఎలా రాయాలో అంటారు కదా. చెప్తాను. గణితపు కోడుకి సాక్షి బయటనుంచి రావాలి. కోడుతో సంబంధం లేని చోటునుంచి. కేఎల్ విషయంలో అలాంటి సాక్షులు బోలెడంతమంది ఉన్నారు, డిగ్రీ స్థాయి లెక్కలొస్తే చాలు.

1. చేత్తో చేసిన లెక్క ఒక్కటైనా ఉండాలి. పి (1/2, 1/2), క్యూ (1/4, 3/4) తీసుకోండి. కాగితం మీద చేస్తే 4/3 లాగ్‌లో సగం, అంటే 0.1438. తారుమారు చేస్తే 0.1308. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూశారా? టోలరెన్సు 0.05 అని గాల్లోంచి తెచ్చి పెట్టారంటే తారుమారు బగ్గు మీ కళ్ళ ముందునుంచే నడిచిపోతుంది. ఇదే జవాబుతో మీ లాగ్ ఏ బేసులో ఉందో కూడా తేలిపోతుంది. బేసు 2 అయితే 0.2075 వస్తుంది.

2. సున్నాని రెండువైపులా పెట్టి అడగండి. పిలో సున్నా ఉంటే ఆ వరుస విలువ సున్నా, గొడవ లేదు. క్యూలో సున్నా ఉండి పిలో లేకపోతే అనంతం. మీ కోడు ఇన్ఫినిటీ ఇస్తుందా, ఎర్రర్ ఇస్తుందా అన్నది మీరు తీసుకోవాల్సిన నిర్ణయం. కానీ నోరు మూసుకుని మామూలు అంకె ఇవ్వకూడదు. "చిన్న ఎప్సిలాన్ కలిపేస్తాం" అంటారా? మా ఉదాహరణలో సున్నా బదులు పది లక్షలలో ఒక వంతు పెడితే జవాబు సుమారు 7.6. వెయ్యి కోట్లలో ఒక వంతు పెడితే 13.1. డేటా మారలేదు, జవాబు మారింది. అంటే మీరు కొలుస్తున్నది డ్రిఫ్టుని కాదన్నమాట, మీ ఎప్సిలాన్‌ని.

3. ఇలాంటి చోట జెన్సెన్-షానన్ వాడుకోవచ్చు. రెండింటి సగటు తీసి, ఒక్కోదానికీ ఆ సగటునుంచి కేఎల్ కొలిచి, మళ్ళీ సగటు చేస్తారు. సున్నాలకి బెదరదు, ఇటూ అటూ ఒకటే, 2 యొక్క సహజ లాగ్ (0.693) దాటదు. ఈ మూడూ మూడు టెస్టులు. మా డేటాకి ఇది 0.274 వస్తుంది. పరిమితిలో 40 శాతం. ఇది డాష్‌బోర్డు మీదుంటే మొదటిరోజే గంట మోగేది.

4. రకాల్ని కలిపితే కేఎల్ పెరగకూడదు. రెండు వరుసల్ని కలిపి ఒకటి చేస్తే మనకి సమాచారం తగ్గుతుంది తప్ప పెరగదు కదా. వరుసల క్రమం మార్చినా జవాబు మారకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు నాణేల జంటకి కేఎల్, విడివిడి కేఎల్‌ల మొత్తమే. మొదటి ఉదాహరణని జంట చేస్తే 0.2877 రావాలి. వేలకొద్దీ యాదృచ్ఛిక డిస్ట్రిబ్యూషన్ల మీద ఇవన్నీ నడపొచ్చు, ఒక్క ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ కూడా పేస్టు చెయ్యక్కర్లేదు.

5. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, మనవాడి పేరుతో ముడిపడింది కాబట్టి. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎంఏ చేసి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో దశాబ్దాలు పనిచేసిన సి.ఆర్. రావు గారు (2023లో, 102 ఏళ్ళ వయసులో పోయారు) 1945లో రాసిన పేపర్లో, ఫిషర్ ఇన్ఫర్మేషన్‌ని ఆధారం చేసుకుని డిస్ట్రిబ్యూషన్ల మధ్య దూరం ఎలా కొలవాలో చూపించారు. కేఎల్ డైవర్జెన్స్ కూడా దగ్గరదగ్గరి డిస్ట్రిబ్యూషన్ల మధ్య సరిగ్గా ఆ జ్యామితిలోకే ఒదిగిపోతుంది. చిన్న తేడాలకి కేఎల్ అంటే, ప్రతి తేడా వర్గాన్నీ వాటాతో భాగించి కూడిన దాంట్లో సగం. (0.5, 0.5)కీ (0.51, 0.49)కీ మధ్య 0.0002 రావాలి. తేడాని రెట్టింపు చేస్తే 0.0008, నాలుగింతలు. రెండు లైన్ల టెస్టు. హైదరాబాదులో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో ఆయన పేరుమీద ఒక సంస్థే ఉంది. దాని ముందునుంచి బస్సులో వెళ్ళే మనకి మాత్రం టోలరెన్సు 0.05 ఎక్కడ్నుంచి వచ్చిందో తెలీదు.

6. శాంపిళ్ళతో కొలిచేటప్పుడు హద్దు లెక్కగట్టి పెట్టండి. ఒకే డిస్ట్రిబ్యూషన్ నుంచి తీసినా శాంపిల్‌కీ అసలుకీ మధ్య కేఎల్ సున్నా రాదు. 10 రకాలు, 1000 శాంపిళ్ళు అయితే సగటున 9/2000, అంటే 0.0045 వస్తుంది. ఆ కేఎల్‌ని 2000తో గుణిస్తే అది దాదాపు 9 డిగ్రీల కై-స్క్వేర్. వెయ్యిలో ఒక్కసారే దాటే హద్దు 0.0139. "ఈ టెస్టు అప్పుడప్పుడూ ఫెయిలవుతుంది, మళ్ళీ రన్ చెయ్యండి" అనే జబ్బుకి మందు ఇదే. సీడుని 42కి బిగించేసి తల తిప్పుకోవడం మందు కాదు.

లైబ్రరీ వాడుతున్నాం కదా?

ఈ మాట వస్తుందని తెలుసు. "మేం సొంతంగా రాయం, సైపై వాడతాం, పైటార్చ్ వాడతాం." మంచిదే, నేనూ అవే వాడమంటాను. కానీ మీరు దాన్ని పిలిచిన తీరు సరైనదేనా అని లైబ్రరీ చూడదు. సైపైలో జెన్సెన్-షానన్ పేరుతో ఉన్న ఫంక్షను డైవర్జెన్స్ ఇవ్వదు, దాని వర్గమూలం ఇస్తుంది. అసలు పోలికే లేని రెండు డిస్ట్రిబ్యూషన్లకి 0.693 వస్తుందని ఎదురుచూస్తే 0.8326 కనిపిస్తుంది. సైపై స్టాట్స్‌లోని ఎంట్రోపీ ఫంక్షను మీరిచ్చిన అంకెల మొత్తం 1 కాకపోతే చెప్పకుండా సర్దేస్తుంది, స్పెషల్‌లోని కేఎల్‌డివ్ సర్దదు, పైగా దాని సూత్రంలో రెండు అదనపు పదాలున్నాయి. పైటార్చ్ కేఎల్‌డివ్ అయితే మొదటి ఆర్గ్యుమెంటుకి ప్రాబబిలిటీ కాదు, దాని లాగ్ అడుగుతుంది. వరుస కూడా పుస్తకంలో రాసేదానికి ఉల్టా. ఏమీ చెప్పకపోతే అన్ని ఎలిమెంట్ల సంఖ్యతో భాగిస్తుంది. 32 వరుసలు, 10 క్లాసులు ఉంటే 32తో భాగించాల్సింది 320తో భాగిస్తుంది. ఇవన్నీ డాక్యుమెంటేషన్లో ఉన్నవే, ఎవరూ దాచలేదు. మనం చదవలేదు, అంతే. పైన చెప్పిన చేతి లెక్క ఒక్కటి ఉంటే ఇందులో చాలావరకు పది నిమిషాల్లో బయటపడతాయి.

రెండో సాకు: "టైములేదు బాస్, స్ప్రింట్ అయిపోతోంది." ఆ హాజరుపట్టీ టెస్టులు ఎనిమిది రాయడానికి టైము ఎక్కడ్నుంచి వచ్చింది? పైన చెప్పిన ఆరూ రాయడానికి నాకు ఒక మధ్యాహ్నం పట్టింది. బగ్గు వల్ల మూడు వారాలు జనం డబ్బు ఇరుక్కుంది, మేం రెండు వారాంతాలు ఆఫీసులో గడిపాం.

మూడో సాకు: "అది డేటా సైన్స్ టీము చూసుకోవాలి." డేటా సైన్స్ టీమేమో "కోడు ప్రొడక్షన్‌కి వెళ్ళాక ఇంజినీరింగ్ బాధ్యత" అంటుంది. అత్తా కోడళ్ళ మధ్య పాలు పొంగిపోయినట్టు ఉంటుంది వ్యవహారం. పొయ్యి దగ్గర ఎవరుంటే వాళ్ళే మంట తగ్గించాలి.

ఇప్పుడు కొత్తగా ఇంకోటి తయారైంది. కోడు ఏఐ రాస్తోంది, "దీనికి టెస్టులు కూడా రాయి" అంటే అదే కోడు చూసి టెస్టులూ అదే రాస్తోంది. 14 కాదు, 40 వస్తాయి నిమిషంలో. చూడముచ్చటగా ఉంటాయి, పేర్లు కూడా చక్కగా పెడుతుంది. కానీ ఉన్న కోడు చూసి దాని ప్రవర్తననే సరైనదిగా రాసిపెడితే, మా జూనియర్ చేసిన కాపీ-పేస్టే ఇది కూడా, కాస్త వేగంగా. దొంగ చేతికి తాళాలిచ్చి, కాపలా రిపోర్టు కూడా వాణ్ణే రాయమన్నట్టు. ఏఐని వాడొద్దనను, నేనూ వాడుతున్నాను. కోడు చూపించకుండా సిద్ధాంతం చెప్పి, "దీన్ని అబద్ధం చేసే ఉదాహరణలు వెతుకు" అనండి. తేడా మీకే తెలుస్తుంది.

చివరగా ఒక్క మాట. రేపు ఆఫీసుకెళ్ళాక, మీ ప్రాజెక్టులో గణితం చేసే ఫంక్షను ఒకటి ఎంచుకోండి. కేఎల్లే అక్కర్లేదు, వడ్డీ లెక్కైనా సరే. దాని ఆర్గ్యుమెంట్లు తారుమారు చెయ్యండి, లేదా లోపలున్నది తీసేసి సున్నా రిటర్న్ చెయ్యండి. టెస్టులు నడపండి. ఎన్ని ఫెయిలయ్యాయో లెక్కపెట్టండి. ఏవీ ఫెయిలవకపోతే మీ మేనేజరుకి చెప్పేముందు ఓ టీ తాగండి, కాస్త ధైర్యం వస్తుంది.

మేం ఆ సున్నా చేసే లైను తీసేశాం. ఇప్పుడు నెగటివ్ వస్తే ప్రోగ్రామే ఆగిపోతుంది. కొత్త టెస్టులు పెట్టిన మొదటి వారంలోనే రెండు ఎర్రబడ్డాయి. ఆ కుర్రాడు ఈసారి ఎక్స్‌పెక్టెడ్ వాల్యూ జోలికి పోలేదు. కాగితం, పెన్నూ తీసుకుని నా డెస్కు దగ్గరికొచ్చాడు. "అన్నా, నా లెక్కలో 0.1438 వస్తోంది. కోడే తప్పు చెప్తోంది" అన్నాడు.

ఆరోజు మాత్రం మనస్ఫూర్తిగా చప్పట్ల బొమ్మ పెట్టాను.